నెమలి బారులో ఏకాదశి

ప్రభుత్వానికి మన మీద ఎప్పుడు ప్రేమ పుట్టుకొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ ఏడు శ్రావణమాసంలో పుట్టింది. జనం ఇళ్ళల్లో ఎంత తింటున్నారో తొంగి చూసే వీలు లేదు కాబట్టి, ఆ ప్రేమంతా బయట తినేవాళ్ళ మీద పడింది. బార్ అండ్ రెస్టారెంట్లలో కూర్చున్నవాళ్ళు ఒళ్ళు తెలియకుండా తింటున్నారనీ, వాళ్ళ చేత తక్కువ కాలరీల భోజనం ఎంపిక చేయించడం రాష్ట్ర ప్రగతికి అత్యవసరమనీ పైనుంచి ఉత్తర్వు దిగింది. దాన్ని అమలు చెయ్యడానికి హితమిత భోజన శాఖ అని ఒకటి వెలిసింది. వెలిసిన వారానికి జీపులొచ్చాయి, రెండో వారానికి రబ్బరు స్టాంపులొచ్చాయి, మూడో వారానికి ఆ శాఖ జిల్లా అధికారి లోకనాథం గారు నెమలి బార్ అండ్ రెస్టారెంట్ గుమ్మంలో నిలబడి ఉన్నారు.

నెమలి బారు ఉత్తరాంధ్రలో ఒక మోస్తరు పట్నంలో, ఆర్టీసీ కాంప్లెక్సు వెనక వీధిలో ఉంది. దాని పేరు చెబితే జనానికి గుర్తొచ్చేది మందు కాదు, పైడిరాజు మాస్టరు చేతి జీడిపప్పు కోడివేపుడు. పన్నెండేళ్ళుగా ఆ వంటింటికి ఆయనే రాజు. ఆయన మూకుట్లో కరివేపాకు వేస్తే కాంప్లెక్సులో బస్సు ఎక్కబోతున్నవాడు కాలు కిందికి దించేవాడు. ఊరంతా తిన్న ఆ చేతి వంటని తినని మనిషి ఒక్కతే ఉంది. ఆమె పైడిరాజు అత్తగారు, అప్పయ్యమ్మ. "బారులో గరిటి తిప్పిన సేత్తో వొండితే నాను ముట్టను" అని కూతురి పెళ్ళయిన మూడో రోజున అంది. పన్నెండేళ్ళయినా ఆ మాట మీదే ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ తన గంజి తనే కాచుకునేది. పైడిరాజు పైకి నవ్వేవాడు గానీ, లోపల మాత్రం ఆ బాధ ముల్లులా అలాగే ఉండిపోయింది.

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునదేమనగా," అన్నారు లోకనాథం గారు. యావన్మంది అంటే అప్పటికి ఓనరు సూరిబాబు, పైడిరాజు, ఒక పిల్లి. "మెనూలో ప్రతి వంటకం పక్కనా దాని కాలరీల సంఖ్య ముద్రించవలెను. వినియోగదారుడు సదరు సంఖ్యను తిలకించి, యోచించి, తక్కువ దానిని స్వచ్ఛందంగా ఎంచుకొనును. ఆసీనుడైన ప్రతి వ్యక్తికీ రోజువారీ సగటు ఐదు వందలు మించరాదు. మించినచో లైసెన్సు సీలు చేయబడును."

సూరిబాబు చేతులు నలుపుకుంటూ అడిగాడు. "మరి మందులో కూడా కాలరీలు ఉంటాయంటారు కదా సార్?"

"ఉండవచ్చును. అయితే అది ఆబ్కారీ శాఖ వారి పరిధి. మా శాఖకు సంబంధించినంతవరకు మద్యంలో కాలరీలు లేవు."

లెక్క రాయడానికి క్షేత్రస్థాయి కాలరీ గణకుడు అనే హోదాతో బుచ్చిలింగం అనే గుమాస్తాని బారులోనే ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టారు. బక్కపలచని మనిషి. వచ్చిన రోజే ఒక ప్లేటు కోడివేపుడు తెప్పించుకుని శుభ్రంగా తిని, వేళ్ళు నాకి, పుస్తకం మూసేశాడు.

"బాబూ, ఇది రాయరేటి?" అన్నాడు పైడిరాజు.

"తనిఖీ నిమిత్తం సేవించినది ఆహారం కిందికి రాదు మాస్టారూ," అన్నాడు బుచ్చిలింగం. తర్వాత రోజూ ఒక ప్లేటు తనిఖీ చేస్తూ వచ్చాడు.

మెనూలు అచ్చయి వచ్చాయి. కోడివేపుడు ఆరు వందల ఇరవై. బిర్యానీ పదకొండు వందల యాభై. కీరా ముక్కలు ముప్పై. మొదటి రోజు సాయంత్రం, లారీ ఆఫీసు గవర్రాజు వచ్చి తన మామూలు బల్ల దగ్గర కూర్చున్నాడు. మెనూ చూసి కళ్ళజోడు పెట్టుకున్నాడు. చాలాసేపు యోచించాడు. లోకనాథం గారు దూరం నుంచి అది చూసి మురిసిపోయారు.

"ఒరే, ఇన్నాళ్ళూ మనకి సెప్పనేదు గానీ," అన్నాడు గవర్రాజు పక్కవాడితో, "కోడివేపుడు రేటూ బిర్యానీ రేటూ ఒకటే. వేపుడులో ఆరొందలే వొస్తన్నాయి, బిర్యానీలో పదకొండొందలు! పన్నెండేళ్ళ నుంచి మోసపోతన్నాం కదరా! బిర్యానీ తెండి. కీరాలో ముప్పయ్యేటి? ఆడి దుంపతెగ, ముప్పై కోసం ఎవుడైనా డబ్బులిస్తాడా?"

ఈ సంగతి గంటలో హాలంతా పాకింది. ప్రభుత్వమే స్వయంగా లెక్క కట్టి, ఏది కొంటే ఎక్కువ వస్తుందో అచ్చు వేయించిందని జనం ఎంతో సంతోషించారు. కాలరీలు చాలక వెయ్యి నిండలేదని ఒకాయన చివర్లో డబుల్ కా మీఠా తెప్పించుకున్నాడు. వారం తిరిగేసరికి నెమలి బారు సగటు పద్ధెనిమిది వందల నలభై అయి కూర్చుంది. ఎరుపు సిరాతో నోటీసు వచ్చింది. ముప్పై రోజుల్లో సగటు దిగకపోతే తాళం.

సూరిబాబు పైడిరాజు చేతులు పట్టుకున్నాడు. "మాస్టారూ, నా బతుకు నీ గరిటెలో ఉంది."

పైడిరాజు కోడిని ఆవిరి మీద ఉడికించాడు. నూనె మానేశాడు, జీడిపప్పు మానేశాడు, ఉప్పు కూడా చిటికెలతో లెక్కపెట్టి వేశాడు. ఆ తెల్లటి ముక్కల్ని ప్లేట్లో పెట్టి పంపితే గవర్రాజు వాటిని చూసి, "ఎవరికి బాగోనేదు మాస్టారూ?" అని ఎంతో ఆదుర్దాగా అడిగాడు. ఆ రోజు పైడిరాజుకి అన్నం సహించలేదు.

నోటీసు గడువు ఇంకా పంతొమ్మిది రోజులుందనగా ఒక శనివారం మధ్యాహ్నం, అప్పయ్యమ్మ చెమటలు కక్కుకుంటూ బారు గుమ్మం దగ్గరికి వచ్చింది. అల్లుడు ఇంటి తాళంచెవి జేబులో వేసుకుని వచ్చేశాడు. కూతురు ఊళ్ళో లేదు. బయట ఎండ మండిపోతోంది. పైడిరాజు పొయ్యి మీద ఎసరు దించి వచ్చేదాకా ఆమెని లోపల ఏసీ హాల్లో కూర్చోబెట్టాడు సూరిబాబు.

"ఏటి తింతారమ్మా?" అన్నాడు సప్లయరు అలవాటు కొద్దీ.

"గోవిందా! శనివారం నాకు ఉపోసం బాబూ. మంచినీళ్ళు కూడా ఒద్దు," అంది అప్పయ్యమ్మ చెంపలేసుకుని.

బుచ్చిలింగం పెన్ను తీశాడు. ఆసీనుడైన వ్యక్తి ఒకటి, కాలరీలు సున్నా అని రాసి, అడుగున సగటు కట్టాడు. కట్టి, మళ్ళీ కట్టి, పుస్తకం సూరిబాబు వైపు తిప్పాడు. ముగ్గురు కూర్చున్న ఆ వేళ సగటు మూడో వంతు పడిపోయింది. సూరిబాబు అప్పయ్యమ్మని చూసిన చూపు, భక్తుడు గర్భగుడిలోకి చూసే చూపు.

"అత్తా, ఓ రెండు గంటలు ఇక్కడే కూకో, బాగా సల్లగుంది," అన్నాడు పైడిరాజు. లైసెన్సు నిలబడితే తన పొయ్యి నిలబడుతుంది కదా అని సంబరపడ్డాడు. పాపం, ఆ పొయ్యిలో నీళ్ళు పోస్తున్నది తనేనని అప్పటికి అతనికి తెలీదు.

"బారులో కూకుంతే పాపం కాదేటి?" అని అప్పయ్యమ్మ ఒకటి రెండుసార్లు అంది. కానీ ఇంటి దగ్గర రేకుల కప్పు. పైగా సూరిబాబు అప్పటికప్పుడు ఒక మూల వేంకటేశ్వరస్వామి పటం పెట్టించి సీరియల్ బల్బులు చుట్టించాడు. మరుసటి శనివారం ఆమె తన వాడ నుంచి పదకొండు మందిని వెంటబెట్టుకొచ్చింది. అందరిదీ ఉపోసమే.

ఇక అక్కడి నుంచి సూరిబాబు బుర్ర జోరందుకుంది. సోమవారం శివుడి ఉపవాసంవాళ్ళు, మంగళవారం ఆంజనేయస్వామివాళ్ళు, గురువారం బాబావాళ్ళు, శుక్రవారం లక్ష్మీదేవి నోములవాళ్ళు, శనివారం అప్పయ్యమ్మ దండు. బుధవారానికి మాత్రం ఎంత వెతికినా ఉపవాసముండే దేవుడు దొరకలేదు. సూరిబాబుకి రెండు రోజులు నిద్ర లేదు. చివరికి కాంప్లెక్సు ముందు కుళాయిల కోసం రిలే నిరాహార దీక్ష చేస్తున్నవాళ్ళు కనిపించారు. వాళ్ళ టెంటు చిరిగి వాన పడుతోంది. దండలతో, బ్యానరుతో, "మంచినీళ్ళివ్వాలి" అనే నినాదంతో సహా వాళ్ళని పట్టుకొచ్చి బుధవారం బల్లల దగ్గర కూర్చోబెట్టాడు. వాళ్ళు నినాదమిచ్చినప్పుడల్లా సప్లయర్లు పొరపాటున సోడా పట్టుకుని పరిగెత్తేవాళ్ళు.

మామూలుగా వచ్చేవాళ్ళకి కొంచెం ఇబ్బందయింది. పక్క బల్ల దగ్గర పన్నెండు మంది ఆడవాళ్ళు భజన చేస్తుంటే గ్లాసు ఎత్తడం ఎలాగో వాళ్ళకి తెలిసేది కాదు. మొదట్లో గ్లాసు మీద చేతిరుమాలు కప్పారు. తర్వాత చెప్పులు బయట విడిచి రాసాగారు. ఒకసారి గవర్రాజు ముద్ద నోట్లో పెట్టుకోబోతుండగా అందరూ ఒక్కసారి "గోవిందా!" అన్నారు. అతను కూడా "గోవిందా" అని ముద్ద ప్లేట్లో వదిలేసి, దణ్ణం పెట్టి, లేచి వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. నెల తిరిగేసరికి తినేవాళ్ళు రోజుకి ఇద్దరో ముగ్గురో, తిననివాళ్ళు నలభై మంది అయ్యారు.

నోటీసు గడువులోపే ఐదు వందల కిందికి వచ్చిన సగటు ఇప్పుడు ముప్పై ఒకటికి దిగింది. రాష్ట్రం మొత్తం మీద అంత తక్కువ తినే బారు ఇంకోటి లేదు. లోకనాథం గారు ఆ అంకెని చూసి గద్గదస్వరంతో, "ప్రజల్లో వచ్చిన ఈ పరివర్తన మా శాఖ అవిరళ కృషికి నిదర్శనము" అన్నారు. నెమలి బారుకి హితమిత భోజనరత్న పురస్కారం ఇవ్వడానికి సాక్షాత్తు రాష్ట్ర కమిషనరు గారే వస్తున్నారని కబురొచ్చింది. ఉపవాసమున్నవాళ్ళు నిండుగా దొరికే రోజు చూసి, సూరిబాబు ఏకాదశి నాడు రమ్మని కోరాడు.

ఆ సంతోషంలో అతను తాపీమేస్త్రీని పిలిపించాడు. వంటింటి గోడ మీద సుద్దముక్కతో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గీత గీయించాడు.

"ఏటి బాబూ ఇది?" అన్నాడు పైడిరాజు.

"ఏమనుకోకు మాస్టారూ. ఈ గోడ తీసేస్తే ఇంకో ముప్పై కుర్చీలు పడతాయి. తినేవాళ్ళెవరూ లేనప్పుడు వంటిల్లెందుకు చెప్పు? పురస్కారం అయిన మర్నాడు పని మొదలెడతారు. నీకు ఎక్కడైనా పని దొరుకుతుంది. నీ చేతికేం తక్కువ?"

పన్నెండేళ్ళు! వేలు కాలినా, జ్వరమొచ్చినా వదలని పొయ్యి అది. పైడిరాజు గరిటె తుడిచి, మూకుడు బోర్లించి, ఆ సుద్దగీత వంక చూశాడు. దుఃఖం ఆగలేదు. ఉల్లిపాయలు కోస్తున్నట్టు ఒక పాయ చేతిలోకి తీసుకున్నాడు.

ఏకాదశి వచ్చింది. నలభై ముగ్గురు ఉపవాసం ఉండి, తెల్లారకముందే వచ్చి కూర్చున్నారు. పదింటికి టెలిగ్రాములాంటి కబురొకటి వచ్చింది. పరిపాలనా కారణాల దృష్ట్యా కమిషనరు గారి పర్యటన ఒక్క రోజు వాయిదా. రేపు ఉదయం ఎనిమిదిన్నరకి.

"ఒక్క రోజే కదా," అన్నారు లోకనాథం గారు. "వీరిని రేపు కూడా ఇదే విధంగా ఆసీనులను చేయండి."

"అలాగే," అన్నాడు సూరిబాబు. వైకుంఠం దాకా తెలిసినవాడిలా తల ఊపాడు గానీ, పంచాంగం తెలీదు అతనికి.

మర్నాడు పొద్దున్నే నలభై ముగ్గురూ వచ్చారు. పిలిస్తే రాకుండా ఉంటారా? వచ్చి, విస్తళ్ళేవీ అన్నారు.

"విస్తళ్ళేమిటి?" అన్నాడు సూరిబాబు.

"ద్వాదశి కదా నాయనా!" అంది అప్పయ్యమ్మ. "నిన్నంతా ఉపోసముంటే, ఇయాల ద్వాదశి గడియలు ఎల్లకముందే పారణ సెయ్యాల. తినకపోతే ఆ ఉపోసమంతా గాల్లో కలిసిపోద్ది. తొమ్మిదిన్నరకి గడియలు ఎల్లిపోతాయి. మమ్మల్ని ఇక్కడికి రమ్మన్నది నువ్వే. ఇంటికెల్లి వొండుకునే టైము నేదు. ఆ పాపం ఎవుడికి తగలాల?"

నలభై ముగ్గురూ సూరిబాబు వైపు చూశారు. అతను పరుగున వంటింట్లోకి వెళ్ళాడు. "మాస్టారూ, నువ్వే దిక్కు!"

పైడిరాజు అప్పటికే ఒక సంచీ సర్దుకుంటున్నాడు. సుద్దగీత వంక చూశాడు. సంచీ కింద పెట్టాడు. నూతి దగ్గర నెత్తి మీదుగా నాలుగు చెంబులు దిమ్మరించుకుని, తడిబట్టతో వచ్చి, పెరట్లో కొత్తగా మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేశాడు. పక్క కొట్ల నుంచి కొత్త గిన్నెలూ, నానిన మినప్పప్పూ తెప్పించాడు. అవిసాకు పప్పు, పులిహోర, అల్లం గారెలు, బెల్లం పరమాన్నం. ఆ ఒక్క గంటలో ఆయన చేతులు ఎలా ఆడాయో చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

అత్త విస్తరి ముందు నిలబడ్డప్పుడు మాత్రం చెయ్యి ఆగింది.

"కొత్త గిన్నెలు అత్తా. తానం సేసే వొండినాను. బారు పొయ్యి కాదు, పెరట్లో పొయ్యి. తింతావా?" అని గారె వేశాడు.

అప్పయ్యమ్మ గడియారం వంక చూసింది. అల్లుడి తడి జుట్టు వంక చూసింది. గారె తుంచి నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకో ముక్క తుంచింది. ఆ గారె అయిపోయాక విస్తరి కొద్దిగా ముందుకి జరిపింది. పైడిరాజు ఇంకో గారె వేశాడు. బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. కానీ పన్నెండేళ్ళ తర్వాత అత్త తన చేతి వంట తింటోంది. కండువాతో ముఖం తుడుచుకుని అతను పక్క విస్తరికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే కమిషనరు గారు పద్ధెనిమిది మంది పరివారంలో ఒకరై లోపలికి వచ్చారు. రాష్ట్రంలో అతి తక్కువ తినే భోజనశాలలో నలభై ముగ్గురు నిన్నటి ఆకలి, ఇవాళ్టి ఆకలి కలిపి తింటున్నారు. బుచ్చిలింగం రాస్తున్న పెన్ను వేడెక్కిపోయింది.

"మనిషికి పదకొండు వందలు సార్," అని లోకనాథం గారి చెవిలో ఊదాడు.

లోకనాథం గారికి ముచ్చెమటలు పోశాయి. ప్రశంసాపత్రం మీద ముప్పై ఒకటి అని బంగారు అక్షరాలతో అచ్చయి ఉంది. కానీ ఆయన ఊరికే అధికారి కాలేదు. కాగితం తీసి లెక్క కట్టారు. సగటు ఐదు వందల లోపలికి రావాలంటే, ఏమీ తినకుండా కూర్చునే మనుషులు ఇంకో యాభై ఇద్దరు కావాలి. "అయ్యా, పరిస్థితి అదుపులోనే ఉంది. మనం కేవలం ఆసీనులమైతే చాలు" అని కమిషనరు గారికి విన్నవించి, పద్ధెనిమిది మందినీ కూర్చోబెట్టారు. జిల్లా కార్యాలయానికి తాళం వేయించి, మిగతా ముప్పై నలుగురినీ జీపుల్లో తెప్పించారు. స్టెనోలు, డ్రైవర్లు, అటెండర్లు, ఫొటో తీయడానికి వచ్చినాయన, అందరూ చేతులు ఒళ్ళో పెట్టుకుని వరసగా కూర్చున్నారు. ఎదురుగా జనం పులిహోరలో పల్లీలు ఏరుకుని నములుతున్నారు.

కమిషనరు గారు సన్మానం దగ్గర టిఫిను ఉంటుందని పొద్దున్న కాఫీ మాత్రమే తాగి వచ్చారు. గారెల పళ్ళెం ఆయన ముందు నుంచి మూడుసార్లు వెళ్ళింది. మూడోసారి ఆయన తల కూడా దానితోపాటు తిరిగింది. నిశ్శబ్దంగా ఉన్న సమయంలో ఆయన కడుపు గట్టిగా ఒక మాట అంది. లోకనాథం గారు వినబడనట్టు నటించారు.

పైడిరాజు పళ్ళెం పట్టుకుని నిలబడిపోయాడు. ఆకలి మీదున్న మనిషిని దాటి వెళ్ళడం అతనికి చేతకాదు. ఒక్క క్షణం సుద్దగీత గుర్తొచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి చేతులు జోడించాడు.

"అయ్యా, సిన్న మనవి. తనికీ కోసం తిన్నది ఆహారం కిందికి రాదంట కదండి? బుచ్చిలింగం బాబు రోజూ ఓ ప్లేటు కోడివేపుడు తనికీ సేస్తారు. ఒక్క కాలరీ కూడా రాయనేదు. కావాలంటే పుస్తకం సూడండి."

బుచ్చిలింగం ముఖం కత్తి వేటుకి నెత్తురు చుక్క లేనట్టయింది. లోకనాథం గారు కళ్ళు మూసుకున్నారు. కమిషనరు గారు పుస్తకం తెప్పించి తిరగేశారు. నిజంగానే ఒక్కటీ రాయలేదు.

"సముచితమైన సంప్రదాయం," అన్నారు కమిషనరు గారు, గారెల పళ్ళెం మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "తనిఖీ అనునది విధి నిర్వహణలో అంతర్భాగము. విధి నిర్వహణలో కాలరీలు ఉండవు. నాలుగు ఇటు తనిఖీకి పెట్టండి."

నాలుగు కాస్తా తొమ్మిదయ్యాయి. కిందివాళ్ళు బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నారు. "అయ్యా, డ్రైవర్లకీ, ఫొటో ఆయనకీ తనిఖీ అధికారం లేదు కదా" అని లోకనాథం గారు నసిగారు. కమిషనరు గారు నోటి నిండా పరమాన్నంతో ఆలోచించి, అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. ఇకమీదట హోదాతో నిమిత్తం లేకుండా, తనిఖీ రిజిస్టరులో సంతకం చేసి అభిప్రాయం రాసిన ప్రతి వ్యక్తీ తనిఖీదారుగా పరిగణించబడును. యాభై ఇద్దరూ సంతకాలు చేశారు. వండిన గిన్నెలు గీకవలసి వచ్చింది. పురస్కారం ప్రదానమైంది, చప్పట్లు కొట్టడానికి మాత్రం అందరి చేతులూ ఎంగిలిగా ఉన్నాయి.

మరుసటి రోజు సాయంత్రం మేస్త్రీ గునపంతో వచ్చేసరికి, బారు గుమ్మం దగ్గర బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. దాని ముందు పెద్ద వరస. అందరికంటే ముందు లారీ ఆఫీసు గవర్రాజు. "తనికీకి వొచ్చినాను," అని సంతకం పెట్టి, ఒక కోడివేపుడూ ఒక బిర్యానీ తెమ్మన్నాడు. సూరిబాబు మేస్త్రీని వెనక్కి పంపేశాడు. పైడిరాజు మూకుట్లో కరివేపాకు వేశాడు. సుద్దగీత ఇప్పటికీ గోడ మీదే ఉంది, పొగకి మసిబారి సగమే కనిపిస్తుంది. ఆ రోజు నుంచి నెమలి బారు సగటు సున్నా. ఏటా పురస్కారం దానికే వస్తోంది.

పురస్కారం ఇచ్చిన ఆ వారమే, ఆదివారం మధ్యాహ్నం, ఏ ఉపోసమూ లేని రోజు, అప్పయ్యమ్మ ఒక్కతే వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. బుచ్చిలింగం ముందు నిలబడి వేలిముద్ర వేసింది.

"ఏటి తనికీ సేస్తావత్తా?" అన్నాడు పైడిరాజు వంటింటి గుమ్మంలోంచి.

"గారెలు. ఏ పొయ్యి మీదైనా పర్లేదు."

నాలుగు తిన్నది. నీళ్ళు తాగింది. బుచ్చిలింగం అభిప్రాయం గడిలో తన అలవాటు ప్రకారం "సంతృప్తికరం" అని రాయబోయాడు.

"అదేటో నాకు తెల్దు," అంది అప్పయ్యమ్మ. "నాను సెప్పినట్టు రాయి. నా సిన్నప్పుడు మాయమ్మ ఒండిన గారెలు ఎలగుండేవో, నా అల్లుడు పైడిరాజు ఒండిన గారెలు అలగున్నాయి. పన్నెండేళ్ళు తినకుండా ఉన్నది నా తెలివితక్కువ. రాసినావా?"

"గడి చాలదమ్మా," అన్నాడు బుచ్చిలింగం.

"పక్క గడి ఖాళీగానే ఉంది కదేటి? అందులోకి రాయి."

పక్క గడి కాలరీలది. బుచ్చిలింగం ఒకసారి గుమ్మం వైపు చూశాడు. అక్కడ పైడిరాజు గరిటె పట్టుకుని, ముఖం అటు తిప్పుకుని నిలబడి ఉన్నాడు. బుచ్చిలింగం మిగతాది ఆ గడిలో రాశాడు.